పొద్దు చూడని చుక్క

స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఆ భవనానికి ప్రభుత్వం పెట్టిన పేరు క్షేత్ర మూషిక పరిశోధన కేంద్రం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అంత పేరు పలికే ఓపిక లేదు. ఎలకలాఫీసు అంటారు. బస్సు కండక్టరు కూడా "ఎలకలాఫీసు దిగేవాళ్ళు" అనే కేకేస్తాడు. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా ఒక గాజు అలమర, అందులో నీలం మఖమల్ గుడ్డ, దాని మీద చిటికెనవేలంత గాజు గొట్టం, ఆ గొట్టంలో కుంకుమరంగు పొడి. ఆ పొడి పేరు అరుణిక. పొలం ఎలుక కంటి వెనక పెసరగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. అందులోంచి ఈ రంగు పదార్థాన్ని యాభై ఏళ్ళ కిందట ప్రొఫెసర్ దశరథరెడ్డి గారు మొదటిసారి తీశారు. ఆ పొడి వల్లే కేంద్రానికి భవనం, భవనానికి ప్రహరీ, ప్రహరీకి రంగు వచ్చాయి. రోజూ ఆ గాజు తుడిచే పని తుపాకుల చెంగయ్యది.

చెంగయ్య ఆ కేంద్రంలో అటెండరు. యానాదుల బిడ్డ. గట్టు మీద బొక్క చూసి లోపల ఎలుక ఉందో పాము ఉందో చెప్పడం అతనికి నడకతో పాటే వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట దశరథరెడ్డి గారే అతన్ని వరిపొలంలోంచి తెచ్చి ఉద్యోగంలో పెట్టారు. "డిగ్రీలున్నవాళ్ళు నా దగ్గర పదిమంది ఉన్నారు, ఎలుక తెలిసినవాడు ఒక్కడూ లేడు" అన్నారట. ఆ మాట చెంగయ్య ఇప్పటికి ఎంతమందికి చెప్పాడో చెప్పలేం. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలోనే చెప్పేస్తాడు, పాతవాళ్ళకు పండగలకీ పబ్బాలకీ గుర్తు చేస్తాడు.

ఎలుకల్ని కోసి గ్రంథులు తీసే గదిని కోత గది అంటారు. దాని గుమ్మం మీద నీలి అక్షరాలతో ఒక బోర్డు ఉంది: వెలుతురు లేని చోట పరిశోధన లేదు. అది పెద్ద రెడ్డిగారు, అంటే దశరథరెడ్డి గారు, రాయించిన మాట. పొద్దున ఆరింటికి చెంగయ్య ఆ గది తలుపు తీసి, ఆరు ట్యూబులైట్లూ వేసి, బల్ల తుడిచి, ఆ తరవాతే టీ తాగుతాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఆ లైట్లు ఆలస్యంగా వెలగలేదు. అది అతని గొప్ప.

అతని దిగులు మాత్రం ఇంట్లో ఉంది. ఒక్కతే కూతురు, ఈశ్వరి. మూడో ఏట వాకిట్లో ఆడుకుంటూ ఒక్కసారిగా చేతులు పట్టుకుని ఏడ్చింది. చర్మం మీద ఏమీ లేదు. లోపల మిరపకారం పోసినట్టు మంట. సాయంత్రానికి చేతులు వాచాయి. చీమలు కుట్టాయనుకున్నారు, దిష్టి అనుకున్నారు, చివరికి నెల్లూరు ఆసుపత్రిలో తేలింది: ఆ పిల్లకు ఎండ పడదు. అయిదు నిమిషాలు ఎండలో ఉంటే మూడు రోజులు నిద్ర ఉండదు. కాలనీ ఇంటికి ఉన్న రెండు కిటికీలకూ చెంగయ్య పలకలు కొట్టాడు, పలకల మీద టార్పాలిన్ కట్టాడు. ఈశ్వరి అందులోనే పెరిగింది. చీకట్లోనే వెదురుబద్దలతో ఎలుకల బుట్టలు అల్లడం నేర్చింది. చీకట్లోనే కూర తరిగింది. పాఠాలు ఎవరో ఒకరు చదివి వినిపిస్తే పదో తరగతి పాసయింది. తల్లి పోయాక ఇల్లంతా ఆమే చూసుకుంది. ఆ ఇంట్లోంచి ఏది బయటికి పోయినా కప్పుకునే పోవాలి. కూతురికి నల్ల గొడుగు, దుప్పటి. అలవాటైపోయి చెంగయ్య తన అన్నం క్యారియరుకి కూడా నల్లగుడ్డ చుట్టుకుని వెళ్ళేవాడు. ఆఫీసులో నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేవాడు.

నాలుగేళ్ళ కిందట డాక్టర్ వకుళ ఆ కేంద్రానికి వచ్చింది. దశరథరెడ్డి గారి చివరి శిష్యురాలు. అతన్ని చెంగయ్య గారూ అని పిలిచేది ఆ భవనంలో ఆమె ఒక్కతే. కూతురి సంగతి విని, ఒక ఆదివారం తనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఆ చీకటి గదిలో తడుముకుంటూ కూర్చుని, ఈశ్వరికి ఆ జబ్బేమిటో విడమరిచి చెప్పింది.

"నీ రక్తంలో ఒక రంగు పదార్థం ఎక్కువగా చేరుతోందమ్మా. దానికి ఎండ తగిలితే చుట్టూ ఉన్న కండను కాలుస్తుంది. మా ఆఫీసులో గాజు అలమరలో పెట్టుకున్నది ఆ కుటుంబంలోదే. ఎలుక కంటి వెనక ఉంటుంది."

"నాలో కంటే ఎక్కువుంటుందా మేడం?"

"చాలా ఎక్కువ."

"మరి ఎలక్కెందుకు మండదు?"

ఆ జవాబు వకుళ దగ్గర లేదు. యాభై ఏళ్ళుగా ఆ పదార్థం మీద పుస్తకాలు రాసినవాళ్ళ దగ్గరా లేదు. పదో తరగతి చదివిన పదిహేనేళ్ళ పిల్ల చీకట్లో కూర్చుని అడిగిన ఆ ప్రశ్న పట్టుకుని ఆమె మర్నాడే గురువుగారి పాత పుస్తకాలు దించింది. అరుణికను మొదటినించీ మళ్ళీ పరీక్షిస్తానని అర్జీ పెట్టింది. ఎలుక కంట్లో ఆ ఎర్రదాన్ని అదుపులో పెట్టే కాపలా పదార్థం ఇంకేదో ఉండి తీరాలి, అది దొరికితే ఈశ్వరిలాంటి వాళ్ళకు మందు అవుతుంది. ఇదీ ఆమె ఆశ.

మూడేళ్ళు గడిచాయి. చెంగయ్య ఎలుకల్ని పట్టి తెచ్చాడు, కోసి గ్రంథులు తీసిచ్చాడు. ఏ పదార్థం ఎంత ఉందో కాగితం మీద కొండల్లా గీసి చూపే యంత్రం ఒకటుంది. ఎన్నిసార్లు చూసినా ఎప్పుడూ ఒకే చోట ఒకే కొండ. అరుణిక తప్ప ఇంకేమీ లేదు.

"వచ్చే నెల పై కమిటీ వస్తోంది, చెంగయ్య గారూ" అంది వకుళ ఒకరోజు. "ఇది ఆఖరి విడత. నలభై గ్రంథులు కావాలి, ఒక్కటి కూడా చిట్లకూడదు. ఇందులోనూ ఏమీ కనిపించకపోతే ఈ ప్రశ్నను ఇక మూసేయమంటారు."

చెంగయ్య తల ఊపాడు. ఊపిన తల బాగానే ఉంది కానీ చేతులే బాగాలేవు. ఏడాది నించీ కుడిచెయ్యి వణుకుతోంది. పదింట్లో నాలుగు గ్రంథులు చిట్లుతున్నాయి. రిటైర్మెంటు ఇంకా ఏడు నెలలుందని ఎవరికీ చెప్పకుండా లాక్కొస్తున్నాడు. అంతలో ఎలుకలగది వైరింగు చెడి మూడు రోజులు మరమ్మతని మనుషులొచ్చారు. అతనికి ఒక ఆలోచన వచ్చింది. పాడు ఆలోచనే. కేంద్రంలోని జంతువు గేటు దాటితే ఉద్యోగం పోతుందని గోడ మీద రాసే ఉంది. అయినా నలభై ఎలుకల బోనుల్ని మోపెడ్ మీద రెండు విడతలుగా ఇంటికి చేర్చాడు.

"మే, ఈశ్వరీ. కంటి ఎనకాల పెసరగింజంత ఉంటుంది. చిట్లకుండా తియ్యాల. నా చేత గావడంలా."

"తెలుసులే నాయనా. ఎలకల్ని కూరకు కోసేటప్పుడు చూసినా గదా."

చూశానని ఆమె అన్నది వేళ్ళతో చూడటం గురించి. మిట్ట మధ్యాహ్నం, బయట ఎండ పెళపెళలాడుతోంది. లోపల కళ్ళు పొడుచుకున్నా కనిపించని చీకట్లో ఈశ్వరి మందుతో మత్తెక్కిన ఎలుకల్ని ఒక్కొక్కటే తీసుకుని, పనంతా వేళ్ళతోనే నడిపించి, నలభై గ్రంథుల్ని నలభై గాజు గొట్టాల్లో వేసింది. ఒక్కటీ చిట్లలేదు. ఆ ఇంట్లోంచి బయటికి పోయేది దేన్నయినా కప్పడం అలవాటు కనక చెంగయ్య ఆ గొట్టాలన్నిటినీ పాత పొగాకు డబ్బాలో పెట్టి, డబ్బాకు నల్లగుడ్డ చుట్టి, సాయంత్రం లోపే వకుళ చేతికిచ్చాడు.

ఆమె నల్లగుడ్డ విప్పి ఒక గొట్టాన్ని యంత్రంలో పెట్టి మూత వేసింది. మిగతా ముప్ఫై తొమ్మిదింటినీ బల్ల మీద వరసగా పేర్చింది, పైన లైట్లు వెలుగుతున్నాయి. గంట తరవాత కాగితం బయటికొచ్చింది. కొండ ఉంది, కానీ ఉండాల్సిన చోట లేదు. ఎప్పుడూ లేవని ఇంకోచోట లేచింది. రెండోది పెట్టింది. మామూలు కొండే. మూడోది, నాలుగోది, పదోది, అన్నీ మామూలు అరుణికే.

మర్నాడు చెంగయ్యను పిలిచింది. "ఈ మొదటి గొట్టం మాత్రం తేడాగా ఉంది. కడిగేటప్పుడు సబ్బేమైనా మిగిలిందా? కోసింది మీరేనా?"

"నేనే మేడం. ఎప్పట్లాగే కోసినా."

"అయితే ఇది మురికి. దీన్ని లెక్కలోకి తీసుకోలేం." ఆమె ఆ కాగితాన్ని మడిచి బల్ల సొరుగులో పడేసింది. ఆ సొరుగులో పడినవేవీ మళ్ళీ బయటికి రావని చెంగయ్యకు తెలుసు.

ఇంటికొచ్చి జరిగిందంతా కూతురికి చెప్పాడు. సంగటి తింటూ, ఊరికే చెప్పినట్టు చెప్పాడు. ఈశ్వరి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"మొదటి గొట్టం డబ్బాలోంచి తీసి అట్నే మిషన్లో పెట్టినారు. అంతేనా?"

"అంతే."

"మిగతావి యాడ బెట్టినారు?"

"బల్ల మీద."

"లైట్ల కింద?"

"బల్లంటే లైట్ల కిందే గదమే ఉండేది."

ఈశ్వరి మెల్లగా అంది. "నాయనా, నన్ను దీసకపోయి ఆ బల్ల మీద కూర్చోబెడితే నేనూ ఎర్రగానే అయితా గదా."

చెంగయ్యకు చదువు లేదు కానీ ఎలుకలతో ముప్ఫై ఏళ్ళు బతికాడు. కూతురన్నదేమిటో పూర్తిగా తెలిసింది. యాభై ఏళ్ళుగా ఆ గ్రంథుల్ని తీసినవాళ్ళందరూ ముందు లైటు వేసి ఆ తరవాతే తీశారు. వెలుతురు చూడకుండా బయటికొచ్చిన గ్రంథి ఈ లోకంలో ఆ ఒక్కటే. దాని కాగితం ఇప్పుడు సొరుగులో ఉంది. దాన్ని బయటికి తీయించాలంటే తన అబద్ధం బయటపెట్టాలి. ఏడు నెలల్లో గౌరవంగా దండ వేయించుకుని దిగాల్సినవాడు దొంగతనం చేశాడనిపించుకుని దిగాలి. ఆ రాత్రి అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారేసరికి మనసు తేలికపడింది. ముప్ఫై ఏళ్ళ పేరు ఒక తట్ట, కూతురి ఒక్క పూట ఎండ ఇంకో తట్ట. ఇందులో తూచడానికేముంది అనుకున్నాడు.

పొద్దున ఆరింటికి కోత గది తలుపు తీశాడు. చెయ్యి స్విచ్చు దాకా వెళ్ళి ఆగింది. ఉద్యోగంలో మొదటిసారి లైట్లు వేయకుండా చీకట్లో స్టూలు మీద కూర్చున్నాడు. తొమ్మిదింటికి వకుళ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమైంది చెంగయ్య గారూ? కరెంటు లేదా?"

"ఉంది మేడం. నేనే ఎయ్యలా. నిన్న మీకు అబద్ధం చెప్పినా. నా చెయ్యి వణకబట్టి ఏడాదైంది. ఎలకల్ని ఇంటికి దీసకపోయినా. మా అమ్మణ్ణి ఈశ్వరి కోసింది. చీకట్లో కోసింది. ఆ మొదటి గొట్టం మీ మిషన్లోకి పొయ్యేదాకా వెలుతురు చూళ్ళా. మీరు నన్ను ఏం చేసినా చెయ్యండి. ఆ కాయితం మాత్రం సొరుగులోంచి తియ్యండి."

వకుళ ముఖం అతనికి కనబడలేదు. గోడ పట్టుకుని లోపలికొచ్చి, లైటు వేయకుండానే, అతని పక్క స్టూలు మీద కూర్చుంది.

"ఈశ్వరిని తీసుకురాగలరా?" అంది.

ఆ సాయంత్రం పొద్దు వాలాక కేంద్రం జీపులో ఈశ్వరి వచ్చింది. వెనకటికి ఫొటోలు కడిగే గది ఒకటి పాత సామాన్లతో మూసి ఉంది. దాన్ని ఊడ్పించి, తలుపు సందులకు నల్లగుడ్డ కుక్కారు. యంత్రాన్ని కూడా అందులోకే మార్చారు. తలుపు మూసేశాక వకుళకు తన చెయ్యి తనకే కనబడలేదు. కుర్చీ కోసం వెతికి బల్లకు మోకాలు కొట్టుకుంది, బల్ల కోసం వెతికి చెంగయ్యను గుద్దుకుంది.

"ఇటు రాండి మేడం. రెండడుగులు. ఆ, కూర్చోండి" అంది ఈశ్వరి, ఆమె మోచెయ్యి పట్టుకుని. చెంగయ్య చీకట్లో నవ్వుకున్నాడు. విదేశాల్లో చదివొచ్చిన మనిషికి తన కూతురు కుర్చీ చూపించింది. ఎవరికీ కనబడదు గనక ఎంత నవ్వాలో అంతా నవ్వాడు.

ఈశ్వరి ఆ చీకట్లోనే మళ్ళీ నలభై కొత్త ఎలుకల్ని కోసింది. రెండు రోజుల్లో ఆ నలభై గొట్టాలూ చీకట్లోనే యంత్రంలోకి వెళ్ళాయి. నలభై కాగితాల్లోనూ కొండ కొత్త చోటే లేచింది. అప్పుడు వకుళ ఒక గొట్టాన్ని తీసి లైటు కింద పెట్టమంది. ఈశ్వరి దుప్పటి కప్పుకుని మూలకు జరిగింది. చెంగయ్య స్విచ్చు వేశాడు.

గొట్టంలో, గ్రంథిలోంచి ఊరిన లేత కొబ్బరినీళ్ళలాంటి చుక్క ఉంది. వాళ్ళు చూస్తుండగానే అది గులాబీరంగుకు తిరిగింది. పది నిమిషాల్లో ఎరుపెక్కింది. అరగంటకు అది గాజు అలమరలో మఖమల్ గుడ్డ మీద ఉన్నదే.

"ఇన్నాళ్ళూ కాపలావాడు ఎక్కడున్నాడని వెతికాను" అంది వకుళ, తనతో తనే చెప్పుకుంటున్నట్టు. "ఎర్రదాన్ని అతుక్కునే ఉన్నాడు. వెలుతురు తగలగానే ఆ దెబ్బ తను కాసి చచ్చిపోతున్నాడు. బతికున్న ఎలుకలో ఒకడు పోతే ఇంకొకడు పుడుతూ ఉంటాడు. కోసి బల్ల మీద పెట్టాక పుట్టేవాడు లేడు. మేము లైటు వేసి వాణ్ణి చంపేసి, ఆ తరవాత వెతకడం మొదలుపెట్టాం."

చెంగయ్య తన కుడిచెయ్యి చూసుకున్నాడు. రోజూ పొద్దున్నే ఆరు స్విచ్చులు వేసే చెయ్యి. ఈశ్వరి పుట్టకముందు నించీ వేస్తోంది. అతనికి ఏడుపొచ్చింది.

"నాయనా, నీకు తెలిసి చేసినావా" అంది మూలనించి కూతురు.

ఇక మిగిలింది పెద్ద రెడ్డిగారికి చెప్పడం. వకుళకు ఆ పని యంత్రాలన్నిటికంటే కష్టమైంది. ఆయనకు ఎనభై ఆరేళ్ళు. బతుకంతా ఆ ఎర్రపొడి. దాని పేరు మీద బిరుదులు, సన్మానాలు. ఇంటి పేరే అరుణ నిలయం. నాలుగుసార్లు ఫోను తీసి నాలుగుసార్లూ ఆరోగ్యం అడిగి పెట్టేసింది. అయిదోసారి ఆయనే అడిగారు. "ఏం దొరికిందమ్మా? నీ గొంతులో ఏదో దొరికినట్టుంది."

కర్ర ఊతంతో వచ్చి, చీకటి గదిలో కూర్చుని, మొదటినించీ అంతా తన ముందు చేసి చూపించమన్నారు. చేశారు. లైటు వేశారు. కొబ్బరినీళ్ళ చుక్క ఎర్రబడేదాకా ఆయన రెప్ప వేయలేదు. అరగంట గడిచాక కర్ర మీద గడ్డం ఆనించి అన్నారు.

"అయితే యాభై ఏళ్ళుగా శవాన్ని గాజుపెట్టెలో పెట్టుకుని దండలేయించుకున్నానన్నమాట."

వకుళ కళ్ళు తుడుచుకుంది. ఆ మాట అన్నాక ఆయన ముఖం ఒక్క నిమిషం నిజంగా ముసలిదైపోయింది. నిమిషం దాటాక మళ్ళీ పాత రెడ్డిగారు బయటికొచ్చారు.

"ప్రశ్న ఎవరిది?"

"ఈశ్వరిది సార్."

"చెయ్యి?"

"ఈశ్వరిదే."

"లైటు సంగతి కనిపెట్టింది?"

"అదీ..."

"మరి నువ్వు రాసుకొచ్చిన వ్యాసంలో ఆ పిల్ల పేరెక్కడ?"

"చివర్లో సార్. కృతజ్ఞతల్లో."

"అక్కడ నన్ను పెట్టు. నాకూ ఎలుకలు పట్టిపెట్టినవాళ్ళున్నారు, వాళ్ళను నేను అక్కడే పెట్టాను. అదీ తప్పే" అంటూ చెంగయ్య వైపు చూశారు. "మొదటి పేరు ఈ పిల్లది రాయి. రెండోది నీది. చెంగయ్యా, నీ పేరు మూడోది. దొంగతనంగా ఎలుకల్ని మోసినందుకు నోటీసు కూడా వస్తుంది, తీసుకో. సమాధానం నేను రాసిస్తాను."

"అట్నే సార్" అన్నాడు చెంగయ్య.

"అమ్మాయ్, దానికి పేరేం పెడదాం?"

దుప్పటిలోంచి ఈశ్వరి అంది. "గొడుగు అనండి సార్."

దశరథరెడ్డి గారు పెద్దగా నవ్వి, దాన్ని పుస్తకాలకు తగ్గట్టు ఛత్రిక చేశారు. ఆ గదిలోవాళ్ళు మాత్రం ఇప్పటికీ గొడుగు అనే అంటారు. వెళ్ళేముందు ఆయన కోత గది గుమ్మం మీద బోర్డు చూసి ఆగారు. వకుళ తీయించేస్తానంది. "వద్దు. ఉంచండి. నేనెంత ధీమాగా తప్పు చెప్పానో తరవాతి పిల్లలకు తెలియాలి" అని, గాజు అలమర ముందు ఇంకోసారి ఆగి, కారెక్కారు. ఆయన భుజాలు వచ్చినప్పటికంటే నిటారుగా ఉన్నాయని చెంగయ్య తరవాత అందరికీ చెప్పాడు. ఉన్నాయో లేదో గానీ అతనికి అలా కనిపించాయి.

మందు కావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ముందు ఎలుకల మీద, తరవాత కుందేళ్ళ మీద, అనుమతుల మీద అనుమతులు. ఛత్రికను ఫ్యాక్టరీలో తయారు చేయబోతే పుట్టిన క్షణమే చచ్చింది. బతికున్న పొలం ఎలుక కంట్లో తప్ప అది తయారు కాలేదు. ఎలుకల్ని కోయక్కర్లేదని కనిపెట్టిందీ ఈశ్వరే. చీకట్లో మెడ వెనక తోలు పట్టుకుని, కంటి కింద బొటనవేలితో నెమ్మదిగా రాస్తే ఎలుక దానంతటదే ఒక చుక్క కన్నీరు కారుస్తుంది. ఆ చుక్కను నల్లసీసాలో పట్టి శుద్ధి చేసి నాలుక కింద వేసుకుంటే నాలుగు గంటల ఎండకు సరిపోతుంది. ఆ చుక్క మొదటినించీ చివరిదాకా వెలుతురు చూడకూడదు, అంతే.

ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు ఈశ్వరి కాలనీ చివర పొలం గట్టు మీదికి వచ్చింది. ఆమెకు ఇరవై రెండేళ్ళు. దుప్పటి లేదు, గొడుగు లేదు. గొడుగు చెంగయ్య చేతిలో ఉంది, సగం తెరిచి. ఒక చెయ్యి గొడుగు మీద, ఒక కన్ను గడియారం మీద. వకుళ కొంచెం దూరంలో నిలబడింది.

"అయిదు నిమిషాలు" అన్నాడు చెంగయ్య. "ఎట్టుండాది మే?"

"వెచ్చగా ఉండాది."

"మంటగానా?"

"కాదు నాయనా. వెచ్చగా." ఆమె రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. తరవాత కాళ్ళ దగ్గర పొడుగ్గా పడిన నల్లటి ఆకారాన్ని చూసి పక్కకు జరిగింది. అదీ జరిగింది. "ఇది నాదేనా?"

"నీదే మే. నీది గాక ఎవరిది."

ఈశ్వరి చెయ్యెత్తింది, దించింది, గట్టు మీద నాలుగడుగులు పరిగెత్తి వెనక్కి తిరిగి తన నీడ వెంట వస్తోందో లేదో చూసుకుంది. ఇరవై నిమిషాలయ్యేసరికి చెంగయ్య గొడుగు మూసేశాడు. దాన్ని ఏం చేయాలో తోచక గట్టు మీద పొడిచి నిలబెట్టాడు. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూస్తున్నారు. వాళ్ళందరికీ వినిపించేలా అతను అన్నాడు. "మా అమ్మాయి. ఆ మందు కనిపెట్టింది ఆమే."

పది ముప్పావుకు ఈశ్వరి చెప్పులు తొడుక్కుంది. "పోదాం నాయనా. పదకొండుకు పని."

చెంగయ్యకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. చీకటి గదిలో ఎలుక కన్నీరు పట్టడానికి కేంద్రం ఆరుగురికి శిక్షణ ఇచ్చింది. ఆరుగురూ ఏదో ఒక తప్పు చేశారు. ఒకడు అరగంటకే తల తిరుగుతోందని తలుపు తీశాడు, ఆ పూట పట్టినదంతా ఎర్రబడింది. ఒకామె ఎలుక కరిచేసరికి సెల్‌ఫోను లైటు వేసింది. చీకట్లో నాలుగు గంటలు నిలకడగా పని చేసే చేతులు ఆ కేంద్రంలో రెండే ఉన్నాయి. అది అతనికీ తెలుసు. అయినా ఇవాళా అదేనా.

"పంతొమ్మిదేళ్ళు చీకట్లో ఉండావు. చాల్లేమే. ఎవరన్నా చేసుకుంటారు. నువ్వు ఎండలో ఉండు."

"మదనపల్లె నుంచి ఆ పాప జాబు రాసింది గదా నాయనా. తొమ్మిదేళ్ళంట. బడి ఎట్టుంటదో చూళ్ళేదంట. రేపటికి ఆ పాప చుక్క ఎవరు పడతారు?"

"అయితే బతుకంతా ఆ గదిలోనేనా?"

"అప్పుడు నన్ను చీకట్లో పెట్టినారు. ఇప్పుడు నేను పోతుండా" అంది ఈశ్వరి. "నాలుగు గంటలే. బయటికొచ్చేసరికి ఇంకా పొద్దుంటది. ఇంకో చుక్క ఏసుకుంటా."

గట్టు మీద ఆమె ముందు నడిచింది, నీడ పక్కనే నడిచింది. గొడుగు మర్చిపోయామని కేంద్రం గేటు దగ్గరికొచ్చాక గానీ ఇద్దరికీ గుర్తు రాలేదు. వెనక్కి వెళ్ళలేదు.

చెంగయ్య రిటైరై అప్పటికి రెండేళ్ళు దాటింది. అయినా మర్నాటి నించి రోజూ పదకొండింటికి కేంద్రానికి వచ్చి చీకటి గది తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ఎదురుగా గాజు అలమర, అందులో ఇప్పటికీ ఎర్రపొడి. కింద చీటీ మాత్రం మారింది, దశరథరెడ్డి గారే తన చేత్తో రాసి పంపారు: వెలుతురులో మేము చంపినది. పక్కనే కొత్తగా అచ్చయిన వ్యాసం మొదటి పేజీ. పేర్లు మూడు. మొదటి పేరు దగ్గర గాజు కొంచెం మాసి ఉంటుంది, చెంగయ్య వేలు పెట్టి చూపించి చూపించి.

ఒకరోజు ఢిల్లీ నించి పెద్ద అధికారి ఒకాయన వచ్చాడు. వకుళ ఫోనులో ఉండగా ఆయన వసారా అంతా తనే తిరిగి చూసి, చీకటి గది ముందు ఆగి, అలవాటు కొద్దీ గోడ మీది స్విచ్చు వైపు చెయ్యి చాపాడు. స్టూలు మీదున్న ముసలాయన లేచి ఆ చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అప్పుడు వణకలేదు.

"లోపల శాస్త్రవేత్త పని చేస్తా ఉంది సార్" అన్నాడు చెంగయ్య. "లైటు ఎయ్యగూడదు."